గాలి వంతు

గెంట్ దగ్గర,
సెప్టెంబరు నెల.

అమ్మకు,

డెస్ ముద్దులతో రాసేది. ఇక్కడ నేనూ, ఇర్మా పెద్దమ్మా, ఆవిడ కుంటికుక్కా అందరం బాగున్నాం. అక్కడ నువ్వూ, నీ కోళ్ళూ, గోడ పక్కింటి మేవిస్ అత్తా బాగున్నారని తలుస్తాను. నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. జవాబు ఆలస్యమైంది పనుల వల్ల కాదు, నువ్వు అడిగిన ఒక ప్రశ్న వల్ల. అది చివర్లో రాస్తాను. ముందు మిగతావాటికి జవాబులు.

మోకాలు ఎలా ఉందని అడిగావు. వాన వచ్చే ముందు అది నాతో మాట్లాడుతుందని చెప్పాను కదా. ఈ దేశంలో వాన రాని రోజు లేదు కాబట్టి రోజూ మాట్లాడుతూనే ఉంది. నువ్వు పంపిన పళ్ళ కేకు చేరింది. కస్టమ్స్ వాళ్ళు ఓ మూల కోసి చూశారు, అందులో ఏం దాచావనుకున్నారో ఏమో. ఇర్మా దాన్ని వేలితో తట్టి, "మీ అమ్మ కేకు పంపిందా, ఇటుక పంపిందా?" అంది. అంటూనే మూడు ముక్కలు తినేసింది. ఆవిడ తుంటి ఆపరేషను బాగానే జరిగింది. డాక్టరు నడవమంటే నడవదు, కూర్చోమంటే కూర్చోదు. నీ ఈడుదే, నీ బుద్ధే.

మన వైపు వానలు పడ్డాయా? గోధుమ నిలబడిందా? ఈసారి కోతకు మనుషులు దొరకడం కష్టమని రాశావు. సైకిలు పందేల్లో, టీవీలో కనబడటం లేదేమని కూడా అడిగావు. దాని సంగతి కూడా చివర్లోనే.

నవంబరులో ఊరి హాల్లో తమ్ముడికి విందు చేస్తున్నారనీ, గోదాముల దారికి వాడి పేరే, కీరన్ టూహీ దారి అని పెడుతున్నారనీ రాశావు. సంతోషం. అలా రాయడం మర్యాద కాబట్టి రాశాను. అమ్మా, ఆ దారిలో పొద్దున గాలి ఎటు నుంచి కొడుతుందో, మధ్యాహ్నానికి ఎటు తిరుగుతుందో వాడికన్నా ముందు నాకు తెలుసు. వాడు మూడు చక్రాల బండి మీద నీ కోళ్ళను తరుముతున్న రోజుల్లో నేను ఆ దారిని తొక్కి తొక్కి అరగదీశాను. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. నిజమే. కానీ కొమ్ముల పేరు దారికి పెట్టే రోజున చెవులకు వినబడకుండా ఉంటుందా?

నువ్వు పంపిన పేపరు ముక్క చదివాను. "ఐరోపా తలుపు తెరిచిన మన కుర్రాడు" అని ఇంతేసి అక్షరాలు. పదిసార్లు చదివాను. తలుపు సంగతి నాకు కాస్త తెలుసు, చెప్పనా? నేను వచ్చినప్పుడు అది ఇర్మా ఇంటి తలుపు. కింద మాంసం కొట్టు, పైన గది, గది నిండా రక్తం వాసన. ఆవిడ నన్ను కింది నుంచి పైదాకా చూసి, "మీ దేశంలో సైకిళ్ళు కూడా ఉన్నాయా?" అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. వెక్కిరించేవాళ్ళు వేరే ఉండేవాళ్ళు. పందెంలో గుంపు మధ్యకు వెళ్తే చాలు, "ఒరేయ్ కంగారూ, ఇటు గెంతావంటే కాలవలోకి తోస్తాం" అనేవాళ్ళు. అనడమే కాదు, తోసేవాళ్ళు. నీకు అప్పట్లో రాసిన ఉత్తరాల్లో జారిపడ్డానని రాశానే, అవన్నీ జారిపడ్డవి కావు.

మనవాళ్ళు నాకు ముందు ఒకరిద్దరు వచ్చారు, పేరు కూడా తెచ్చుకున్నారు. మిగతావాళ్ళు చలికాలం రాగానే దగ్గుతూ ఇంటికెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను. జట్టు నాయకుడికి నీళ్ళు మోశాను, వాన కోట్లు మోశాను, వాడి చక్రం పగిలితే నాది ఊడదీసి ఇచ్చి దారి పక్కన వానలో నిలబడ్డాను. ఆ నాయకుడు పోతే ఇంకొకడు, వాడు పోతే మరొకడు. ఆస్ట్రేలియావాడైతే అలగడు, మూలగడు, చెప్పింది మోస్తాడు అని జట్లవాళ్ళందరికీ నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం మీదే మన పిల్లలను ఒక్కొక్కరినీ తీసుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు మనవాళ్ళు విమానం దిగేసరికి కారుంటుంది, వంటవాడుంటాడు, కాళ్ళు పిసికేవాడుంటాడు. మంచిదే, ఉండనీ. కానీ వాళ్ళు ఎక్కివచ్చిన మెట్టు నా వీపు. తమ్ముడికి మొదటి జట్టు ఇప్పించింది కూడా నేనే, దాని మేనేజరు ఇంటి గడపలో నిలబడి బతిమాలి.

వాడు వచ్చిన కొత్తలో ఒక సంగతి జరిగింది, నీకెప్పుడూ రాయలేదు. ఒక చిన్న ఊరి తిరనాళ్ళ పందెంలో వాడూ, ఇక్కడివాడొకడూ ముందుకు పోయారు. తమ్ముడు మన ఊరి పద్ధతిలో రోజంతా ముందుండి గాలికి ఎదురు తొక్కాడు. ఆ రెండోవాడు వీడి చక్రం వెనకాల గాలి తగలకుండా హాయిగా కూర్చుని, గీత దగ్గర ఒక్క దూకు దూకి గెలిచాడు. తమ్ముడు వచ్చి ఇర్మా బల్ల దగ్గర ఏడ్చాడు. "అన్నా, ముందుకొచ్చి గాలికి ఒక్క వంతు కూడా తియ్యలేదు వాడు! సిగ్గుండక్కర్లా? మన ఊళ్ళో అయితే తలెత్తుకుని తిరుగుతాడా?"

నేను నవ్వాను. "ఒరేయ్, ఇది మన బిర్రానూక్ కాదు. ఇక్కడ వెనక కూర్చుని గెలిచినవాణ్ణి దొంగ అనరు, తెలివైనవాడంటారు. మన ఊరి మర్యాదలు ఊళ్ళో పెట్టి రా" అన్నాను. ఇర్మా నా వైపు గరిట ఊపింది. "పసివాడికి మంచి బుద్ధులే నేర్పుతున్నావు" అంది. ఆవిడ మాట నేను పట్టించుకోలేదు.

ఇక ఏప్రిల్ పందెం, నాలుగు గంటస్తంభాల పందెం. దాన్ని మన దేశంవాడు గెలవడం ఇదే మొదటిసారని ఊరంతా పండగ చేసుకున్నారట. నువ్వు టీవీలో చూసినది నేను మళ్ళీ రాయను. చూడనిది రాస్తాను.

మా నాయకుడు రాళ్ళ దారి మీద పడి భుజం విరగ్గొట్టుకున్నాడు. మా మేనేజరు ఓమెర్ కారు నా పక్కకు తెచ్చి, కిటికీలోంచి సగం బయటికి వంగి అరిచాడు. "డెస్! ఇవాళ నువ్వు ఎవరికీ నౌకరువి కాదు. పో, నీకోసం తొక్కుకో!" అన్నేళ్ళలో ఆ మాట వినడం అదే మొదలు. పోయాను. వాన, బురద, ఎదురుగాలి, ఒక్కణ్ణే. అమ్మా, అంత సుఖం నేనెప్పుడూ ఎరగను. ఈ వయసులో ఒక్క పెద్ద గెలుపు దొరికితే ఇంకా రెండేళ్ళు తొక్కనిస్తారు. లేకపోతే ఈ ఏడాదితో నా పని సరి. అది నాకూ తెలుసు, ఓమెర్‌కూ తెలుసు, తమ్ముడికీ తెలుసు.

వెనక ఎవరో వస్తున్నట్టనిపించి చూస్తే వాడే. వేరే జట్టువాడు, నా మీద పోటీకి వచ్చినవాడు. అయినా నాకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. అన్నదమ్ములిద్దరం ముందు, ప్రపంచమంతా వెనక. నాన్న ఉంటే ఎంత బావుండు అనుకున్నాను.

వాడు పక్కకొచ్చి, "అన్నా, నిన్ను అందుకోడానికే నా కాళ్ళు అయిపోయాయి. వంతు తియ్యలేను. నన్ను వెంటబెట్టుకుని తీసుకుపో, చాలు" అన్నాడు.

"గీత దగ్గరో?" అన్నాను.

"గీత దగ్గర నీతో పోటీకి రానులే. మన ఊరి లెక్కే కదా" అన్నాడు.

మన ఊరి లెక్క! ఆ ఒక్క మాటకే నేను పడిపోయాను. నాన్న ప్రతి ఆదివారం ఊరి క్లబ్బు పందెం అయ్యాక ఆ పాత చెమట టోపీ పెట్టుకుని, గెలిచినవాళ్ళ పేర్లు చదివే ముందు ఏమడిగేవాడు? "ఇవాళ వంతు తియ్యనివాళ్ళెవరు? చేతులెత్తండి." నువ్వు టీ పోయడం ఆపి చూసేదానివి. గాలి వంతు తియ్యనివాళ్ళు తమంతట తామే చేతులెత్తేవాళ్ళు. పందెంలో వచ్చిన స్థానం వదులుకుని పక్కకు వెళ్ళి నిలబడేవాళ్ళు. బ్యాంకు మేనేజరైనా సరే, గొర్రెల బొచ్చు కత్తిరించేవాడైనా సరే. తగాదా లేదు, సాక్షి లేడు. అంతమందిలో ఒక్కడు అబద్ధమాడగా నేను చూడలేదు. ఆ నమ్మకం మీదే వాణ్ణి వెనకేసుకుని తొక్కాను.

ఇంకో మాట కూడా రాస్తాను, ఇది రాయడమే కష్టంగా ఉంది. చివరి కొండ మీద వాడు నా చక్రం వెనక నిలవలేక వెనకబడిపోయాడు. వెనక ఖాళీ ఏర్పడింది. నేను అలాగే పోతే వాడి మొహం మళ్ళీ గీత అవతలే చూసేవాణ్ణి. "అన్నా!" అని పిలిచాడు. చిన్నప్పుడు బడి దారిలో ఎదురుగాలికి ఆగిపోయి పిలిచినట్టే పిలిచాడు. నేను నెమ్మదించాను. కుడివైపు గాలి వాడికి తగలకుండా కుడికి జరిగి, ఎడమన చోటిచ్చి, పైదాకా లాక్కొచ్చాను.

గీత కనబడింది. జనం అరుస్తున్నారు. ఓమెర్ మాకెప్పుడూ చెప్పే మాటొకటుంది, గెలిచేటప్పుడు చొక్కా జిప్పు పైకి లాగండి, జట్టు పేరు ఫొటోలో కనబడాలి అని. నేను రెండు చేతులూ వదిలి జిప్పు లాగుతున్నాను. వెనక్కి చూడలేదు. ఎందుకు చూడాలి? వెనక ఉన్నది నా తమ్ముడు.

ఆ క్షణాన పక్క నుంచి వెళ్ళిపోయాడు.

ఊరి క్లబ్బులో, టీ కాచే పాత్ర పైన గోడకు నువ్వు ఫ్రేము కట్టించి పెట్టిన ఫొటో అదేనమ్మా. నా రెండు చేతులూ చొక్కా జిప్పు మీద, వాడు నన్ను దాటుతూ. కింద "అన్న ఇచ్చిన గెలుపు" అని బంగారు రంగు అక్షరాలతో రాయించారట. చర్చి ఫాదర్ ప్రసంగంలో కూడా నన్ను పొగిడాడట, మేవిస్ అత్త వినలేక ఏడ్చిందట. ఈసారి అద్దం తుడిచేటప్పుడు నా చేతులు చూడకు. వాడి మొహం చూడు. బిగించిన ఆ పళ్ళు చూడు. ఇచ్చింది తీసుకునేవాడు అలా తొక్కుతాడా?

నువ్వు ఉత్తరం మొదట్లో ఒకసారి అడిగావు, "నువ్వే ఇచ్చావు కదరా?" అని. చివర సంతకం పెట్టాక అంచున మళ్ళీ రాశావు, "ఇచ్చావు కదూ?" అని. నమ్మినవాళ్ళు ఒకసారే అడుగుతారు. రెండోసారి అడిగావంటే నీకు తెలిసే ఉంటుంది. ఇవ్వలేదమ్మా. నేను ఇవ్వలేదు. వాడు తీసుకున్నాడు.

నేను నోరు తెరిచేలోపే వాడు టీవీ వాళ్ళ ముందు ఏడుస్తూ చెప్పేశాడు. "మా అన్న నాకిచ్చాడు. ఇలాంటి అన్న ఎవరికుంటాడు?" ఇంకేం మాట్లాడను? కాదంటే తమ్ముడి మీద ఏడ్చేవాణ్ణవుతాను. గెలుపు పట్టుకుపోయాడు సరే, అది పోయిందని ఏడ్చే హక్కు కూడా పట్టుకుపోయాడు.

స్నానాల గదిలో దొరికాడు. బురద ఇంకా మొహాన ఉంది. "ఏరా, మన ఊరి లెక్క అన్నావే?" అన్నాను.

వాడు తల వంచుకుని కాళ్ళు కడుక్కుంటూనే ఉన్నాడు. "నువ్వే కదన్నా చెప్పావు, ఇది బిర్రానూక్ కాదని" అన్నాడు.

"నాతో కూడానా?"

"పందెంలో అన్న ఎవరు, తమ్ముడెవరు? నువ్వు గెలిస్తే ఏమవుతుంది, ఇంకో రెండేళ్ళు నీళ్ళు మోస్తావు. నేను గెలిస్తే చూడు, మనవాళ్ళందరికీ దారి. అయినా నీకేం తక్కువ చేశాను? దేశం మొత్తం నిన్ను దేవుడంటోంది."

ఆ మాటంటున్నప్పుడు నావైపు చూశాడు. సిగ్గుపడుతున్నాడేమో అని వెతికాను. కనబడలేదు. అప్పటి నుంచి మేమిద్దరం మాట్లాడుకోలేదు. మీ ఇద్దరూ ఫోన్లు చేసుకుంటున్నారా అని అడిగావు కదా, ఇదే జవాబు.

దేవుడి సంగతి ఓమెర్ తేల్చాడు. మర్నాడు పొద్దున్నే పిలిచాడు. బల్ల మీద అదే ఫొటో. "మా జట్టు తిండి తిని, పక్క జట్టులోని నీ తమ్ముడికి పందెం రాసిచ్చావా?" అన్నాడు. ఇవ్వలేదు, మోసపోయాను అని చెప్పాను. ఆయన, "జట్టుకు డబ్బు పెట్టినవాళ్ళకు నేను ఏం చెప్పాలో నువ్వే చెప్పు. నువ్వు ద్రోహివనా, వెర్రివాడివనా?" అన్నాడు. వారం తిరక్కుండా నన్ను వదిలేశారు. వేరే జట్టువాళ్ళూ తీసుకోలేదు. గెలుపును తమ్ముడికి దానం చేసేవాణ్ణి ఎవడు పెట్టుకుంటాడు? వాడు చెప్పిన ఒక్క అబద్ధంతో అక్కడ దేవుణ్ణయ్యాను, ఇక్కడ దొంగనయ్యాను. రెంటికీ చెడ్డ రేవడినయ్యాను.

టీవీలో కనబడటం లేదని అడిగావు. ఇర్మా అల్లుడికి ఊరి చివర అద్దాల షెడ్లలో పూలతోట ఉంది. అక్కడ పూలకుండీలు లారీలకెక్కిస్తున్నాను. ఎంత మోసినా మూలగడని ఆయన కూడా మెచ్చుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ నీకెందుకు చెప్పలేదంటే, ఫోను చేసినప్పుడల్లా వెనకాల మేవిస్ అత్త ఊపిరి వినబడుతుంది. ఆవిడకు చెవిన పడితే మన ఊరికే కాదు, పక్క ఊరి గొర్రెలకు కూడా తెలుస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. వాడు నీ కొడుకు. నీకున్నది మేమిద్దరమే. ఒకణ్ణి గురించి ఇంకొకడు నీతో ఇలాంటి మాట చెప్పడం తప్పని ఊరుకున్నాను. దారికి పేరు పెట్టకపోతే ఇంకా ఊరుకునేవాణ్ణేమో.

ఇప్పుడు విందు సంగతి. నన్ను రమ్మన్నావు. వేదిక ఎక్కి, తమ్ముడికి గెలుపు ఎలా ఇచ్చానో నాలుగు మాటలు చెప్పాలని కమిటీవాళ్ళు ముచ్చటపడుతున్నారని రాశావు. వస్తాను. ఇక్కడ నాకు మిగిలిందేం లేదు. కానీ ఆ నాలుగు మాటలు చెప్పను. వాణ్ణి తిట్టను కూడా. నాన్న టోపీ వంటగది తలుపు వెనక మేకుకు ఇంకా ఉందిగా, అది పెట్టుకుని వేదిక ఎక్కుతాను. నాన్న అడిగిన మాటే అడుగుతాను. "వంతు తియ్యనివాళ్ళెవరు? చేతులెత్తండి." అడిగి దిగి వచ్చి నీ పక్కన కూర్చుంటాను. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ మాట్లాడను. హాల్లో సగంమంది ఎప్పుడో ఒకప్పుడు ఆ మాటకు చెయ్యెత్తినవాళ్ళే. వాళ్ళకు విడమరిచి చెప్పక్కర్లేదు.

నీకు గుర్తుందా, వాడికి పన్నెండేళ్ళప్పుడు ఓసారి పందెంలో మొదట వచ్చాడు. కప్పు బల్ల మీద ఉంది. నాన్న అడిగాడు. ఎవరూ కదల్లేదు. అప్పుడు వాడు ఏడుస్తూ చెయ్యెత్తాడు. దారంతా పెద్దవాళ్ళ వెనక దాక్కుని వచ్చాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. నాన్న కప్పు రెండోవాడికి ఇచ్చేసి, వీణ్ణి భుజాల మీద ఎక్కించుకుని ఇంటిదాకా నడిచాడు. ఆ రోజు గెలిచినవాణ్ణి ఎవరూ చూడలేదు, అందరూ వీణ్ణే చూశారు. నాకు కుళ్ళొచ్చింది కూడా.

ఆ చెయ్యి వాడికి ఇంకా ఉందో లేదో నాకు చూడాలని ఉంది. ఉంటే, అక్కడే అందరి ముందూ వాణ్ణి కౌగలించుకుంటాను, దారికి వాడి పేరు నేనే నిలబడి పెట్టిస్తాను. లేకపోతే ఏం చేస్తానో నాకు తెలియదు. నీకు అది చూడాలని లేకపోతే రావద్దని ఒక్క ముక్క రాయి. రాను. ఎందుకని అడగను. కానీ అప్పుడు నువ్వు కూడా నన్ను "ఇచ్చావు కదూ?" అని ఇంకెప్పుడూ అడక్కు.

ఇట్లు,
నీ పెద్దకొడుకు,
డెస్